గుండీ ఎవరు పెట్టాలి?

మా అక్క కొడుక్కి సెరిబ్రల్ పాల్సీ. లోపలికి ముడుచుకున్న కుడి మణికట్టుకి పోయినేడు ఆపరేషన్ అయింది. మణికట్టును కిందికి లాగే కండరం కొసను పైవైపుకి మార్చి కుట్టారు. నెలకు పైగా కట్టు. విప్పాక చెయ్యి తిన్నగా కనబడితే చుట్టాలంతా "నయమైపోయింది" అన్నారు.

నేనొప్పుకోను. జబ్బు మూలం మెదడులో ఉంది, ఆపరేషన్ దాన్ని ముట్టుకోదు. కుడిచేత్తో చొక్కా అంచు పట్టుకుని ఎడంచేత్తో గుండీ పెట్టుకోవడం రోజూ చేస్తేనే వస్తుంది. మేమేమో వ్యాన్ హారన్ వినగానే గబగబా పెట్టేస్తాం. అన్నం కూడా కలిపి నోట్లో పెడతాం. జాలి అంటాం గానీ సగం మా తొందరే. వాణ్ణి పావుగంట ముందు లేపితే సరిపోతుంది కదా!

మొన్న చెయ్యి వేయబోతే "ఉండు పిన్నీ" అన్నాడు. మూడు గుండీలు పెట్టుకున్నాడు, ఒకటి వేరే కాజాలో. అలాగే బడికి పంపాం.