రంగు తర్వాత, బ్రేకు ముందు

పాత జీపు పికప్ దొరికిందంటే మనవాళ్ళకు ముందు గుర్తొచ్చేది కొత్త రంగు. నా దృష్టిలో అది తలకిందుల వ్యవహారం. మొదట చూడవలసింది కాగితాలు, ఆ తర్వాత ఛాసిస్. రేకు తుప్పు పడితే అతుకు వేయొచ్చు. ఛాసిస్సే తుప్పు తింటే కొత్తగా దిగినవాడి తరం కాదు.

ఏళ్ళ తరబడి నిలిచిన ఇంజనుకు వెంటనే సెల్ఫు కొట్టరాదు. ప్లగ్గులు విప్పి, లోపల కాస్త ఆయిలు పోసి, నాలుగు రోజులాగి చేత్తో తిప్పి చూడాలి. అది స్టార్టయ్యేలోగా బ్రేకులు బాగుచేయాలి. కదలని బండితో ప్రమాదం లేదు, ఆగని బండితోనే!

2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని బండికే ‘వింటేజ్’ రిజిస్ట్రేషన్. రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్ళు. కిరాయికి తిప్పరాదు. సోకులకు పోయి మార్పులు చేస్తే ఆ హోదా దక్కదు.

కాజీపేట లోకో షెడ్ల ఊరు. రిటైరైన ఫిట్టర్ తాతలు మన గల్లీల్లోనే ఉన్నారు. వాళ్ళ చేతివిద్య ఏ పుస్తకంలోనూ పూర్తిగా దొరకదు. వాళ్ళుండగానే పానా పట్టుకొని పక్కన కూర్చుందాం. బండి బాగుపడకపోయినా మనం బాగుపడతాం.