పడోసి కుక్క, మన గొర్రె: ఇన్సాఫ్ ఎట్లా?



పోయిన బక్రీద్‌కు ఇరవై రోజుల ముందు, ఫజర్ నమాజ్ వేళకు తమ్ముడు ఫోన్ చేశాడు. "భయ్యా, దొడ్లో కుక్కలు పడినాయి." ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దగ్గరి మా చేను చేరేసరికి తెల్లారింది. మూడు గొర్రెలు గొంతులు చీలి పడి ఉన్నాయి. ఇంకో రెండు తొడలు చిరిగి వణుకుతున్నాయి. కుక్కలు ఒక్కదాన్నీ తిన్నట్టు లేదు. అవి గుంపు కట్టినప్పుడు ఆకలి కోసమే చంపవు. పరిగెత్తే జీవం కనిపిస్తే ఆగవు.

"కోసి అమ్మేయండి, సగం డబ్బయినా వస్తుంది" అన్నారు ఒకరిద్దరు. జబహ్ కాకముందే ప్రాణం పోయింది, అది ముర్దార్. మనం తినం. తెలియనివాళ్ళకు అమ్మితే దగా. గుంత తీసి పూడ్చేశాం. మన రైతు కుటుంబాలకు ఈ నుక్సాన్ పూర్తి నుక్సానే, తిరిగి వచ్చేది ఏమీ ఉండదు.

పులివెందుల నుంచి వచ్చిన మా బావమరిదికి గుస్సా ఆగలేదు. "మాంసంలో గుళికల మందు కలిపి పెడదాం. రెండు రోజుల్లో పీడ పోతుంది" అన్నాడు. ఇంటి మగవాళ్ళు సగం మంది తలూపారు. నేను వద్దన్నాను. వద్దనడం ఆ పొద్దు తేలిక కాలేదు.

ఆ విషం ఏ కుక్క తింటుందో ఎవరికి తెలుసు? తప్పు చేయని కుక్క తింటుంది, కాకి తింటుంది, మందల వెంట తిరిగే కాపలా కుక్క తింటుంది. భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద జంతువుకు విషం పెట్టి చంపితే ఐదేళ్ళ దాకా జైలు. అంతకన్నా పెద్ద మాట ఇంకోటి ఉంది. దాహంతో నాలుక వేలాడేసిన కుక్కకు నీళ్ళు తోడి పోసినవాడికి అల్లాహ్ మగ్‌ఫిరత్ ఇచ్చాడన్న హదీసు మన పిల్లలకు మనమే చెబుతాం కదా. బేజుబాన్ జీవం మీద జులుం చేసి ఖుర్బానీకి ఏ ముఖంతో నిలబడతాం?

అట్లని సబర్ చేసి ఊరుకోమని కాదు. ఫోన్లో ఫోటోలు తీసుకుని నేనూ తమ్ముడూ పక్క చేను అన్న ఇంటికి పోయాం. అడవి పందులు చెనక్కాయ చేను తవ్వేస్తున్నాయని ఆయన రెండు కుక్కల్ని రాత్రిళ్ళు వదిలేస్తాడు. "మా కుక్కలు కావు భాయ్, ఊరకుక్కలై ఉంటాయి" అన్నాడు. లోపలి నుంచి వాళ్ళ అవ్వ వచ్చింది. "యాడ్రా కాదు? తెల్లారుజామున వచ్చిన దాని మూతికి బొచ్చు ఉండ్లేదా?" అంది. ఆయన తల దించుకున్నాడు.

అప్పుడు నాకు మా తప్పు కూడా గుర్తొచ్చింది. అంతకు ముందు ఏడాది మా గొర్రెలు ఆయన శనగ చేలో పడి మేసినప్పుడు ఆయన ఒక మాట అని వదిలేశాడు, పైసా అడగలేదు. ఖురాన్‌లో సూరా అంబియాలో దావూద్, సులైమాన్ అలైహిస్సలాంల దగ్గరికి వచ్చిన ఫిర్యాదు కూడా రాత్రి చేలో పడిన గొర్రెలదే. గొర్రెల పాలూ ఉన్నీ కొన్నాళ్ళు చేను యజమాని వాడుకోవాలి, చేను మళ్ళీ ఎదిగేదాకా దాన్ని గొర్రెలవాళ్ళు చూసుకోవాలి అన్నది సులైమాన్ ఫైసలా అని ముఫస్సిర్లు చెబుతారు. ఇద్దరూ బతకాలి అన్నదే అందులోని ఇన్సాఫ్.

మేమూ అట్లే సులహ్ చేసుకున్నాం. డబ్బు బదులు ఆ ఎండాకాలమంతా మా మందకు చెనక్కాయ కట్టె ఆయనే ఇచ్చాడు. కుక్కల్ని చేను నడుమ పొడుగు గొలుసుతో కడుతున్నాడు. మేము దొడ్డి చుట్టూ ముళ్ళకంప తీసేసి ఇనుప జాలీ వేశాం. కుక్కను నిర్లక్ష్యంగా వదిలి మనుషుల ప్రాణానికి ముప్పు గానీ తీవ్ర గాయమయ్యే ముప్పు గానీ తెస్తే 291 సెక్షన్ కింద ఆర్నెల్ల దాకా జైలు, లేదా 5000 రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ పడతాయి. ఆ దారి ఉంది. పడోసి మాట వినకపోతే అప్పుడు ఆ తలుపు తట్టాలి, మొదటే కాదు.

కాటు పడి బతికిన జీవాల సంగతి మరవొద్దు. గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి. చేతికి తొడుగు ఉండాలి. పసుపు, కారం పూయొద్దు. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది. రేబిస్ టీకా విడతలన్నీ వేయించాలి, లక్షణాలు కనిపించాక ఏ మందూ పనిచేయదు.

ఊరకుక్కలైతే జిమ్మేదారీ పంచాయతీది, మున్సిపాలిటీది. 2023 నిబంధనల ప్రకారం పట్టి, ఆపరేషన్ చేయించి, టీకా వేసి అదే చోట వదలాలి. అర్జీ రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి.

చివరగా మన ఇంటి మాట. ఊరి బయట, పెన్నా ఒడ్డున కోళ్ళ అంగళ్ళ చెత్త, బక్రీద్ నాటి పేగులు పారేసేది ఎవరు? అందులో మనవాళ్ళూ ఉన్నారు. ఆ రుచి మరిగిన గుంపే రాత్రి దొడ్ల మీదికొస్తుంది. ఈసారి ఖుర్బానీ అయ్యాక ప్రతి మొహల్లాలో ఒక గుంత తవ్వించి పూడ్చండి. పడోసిని అడిగే హక్కు మనకు అప్పుడే నిండుగా ఉంటుంది.