చెప్పుకోలేని నొప్పి

యాభై ఏళ్ళు దాటిన ఒక ఉద్యోగి. పిల్లల చదువులు పూర్తి కావచ్చాయి, ఇంటి అప్పు తీరవచ్చింది. ఒకనాటి రాత్రి స్తంభన సమయంలో అంగంలో నొప్పి తోచింది. కొన్ని వారాలకు చర్మం క్రింద చిక్కుడు గింజంత గట్టిదనం చేతికి తగిలింది. అంగం పైకి వంగుతున్నదేమోనన్న అనుమానం కలిగింది. ఆనాటి నుండి అతడు పడక హాలులోకి మార్చుకున్నాడు. నడుము నొప్పి అని భార్యతో చెప్పాడు. తన వల్ల ఏ పొరపాటు జరిగిందోనని ఆమె లోలోపల కుమిలిపోయింది. ఇటువంటి ఉద్యోగి ఏ ఊరిలోనైనా ఉండవచ్చు. అతడు ఎవరికీ చెప్పడు గనుక ఎవరికీ తెలియదు.

గడ్డ అనగానే అతడికి తోచే మొదటి మాట క్యాన్సర్. రెండవది, యౌవనంలో చేసిన ఏదో తప్పుకు శిక్ష. ఈ రెండూ నిజం కావు. ఆ గట్టిదనం పెరోనీ వ్యాధికి గుర్తు కావచ్చు. ఇది అంటువ్యాధి కాదు, సుఖవ్యాధి కాదు, క్యాన్సర్ అసలే కాదు. అంగంలో రక్తంతో నిండే రెండు స్పంజి వంటి స్తంభాలుంటాయి. వాటిని చుట్టి దృఢమైన, సాగే గుణం గల ఒక పొర ఉంటుంది. ఆ పొరలో ఒకచోట మచ్చ కట్టి గట్టిపడినప్పుడు అక్కడ సాగే గుణం పోతుంది. సైకిలు ట్యూబుకు ఒక ప్రక్క మందమైన అతుకు వేసి గాలి కొడితే, అతుకు ఉన్న వైపుకే ట్యూబు వంగుతుంది కదా! ఇక్కడ జరిగేదీ అదే. రతి సమయంలో తగిలే చిన్న చిన్న దెబ్బలు మానేటప్పుడు మచ్చ అతిగా కట్టడమే కారణమని ఎక్కువమంది వైద్యుల అభిప్రాయం. ఆ దెబ్బ తగిలిన సంగతి చాలామందికి గుర్తే ఉండదు. మధుమేహం ఉన్నవారిలోనూ, అరచేతిలో నరం వంటి పట్టీ గట్టిపడి వ్రేళ్ళు ముడుచుకుపోయే డ్యుపిట్రన్ వ్యాధి ఉన్నవారిలోనూ ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ వ్యాధికి పేరునిచ్చిన ఫ్రాన్స్వా డి లా పెరోనీ ఫ్రాన్సు రాజు పదిహేనవ లూయీకి శస్త్రవైద్యుడు. జపమాల పూసల వంటి గట్టిదనాన్ని ఆయన 1743లో వర్ణించాడు. చికిత్సగా పిరనీస్ పర్వతాలలోని బారేజ్ వేడినీటి ఊటలను సిఫారసు చేశాడు. రాజవైద్యుడికే ఊట నీటిని మించిన మందు దొరకని ఆ కాలాన్ని తలచుకుంటే, నేటి రోగి పరిస్థితి ఎంతో మెరుగు.

వ్యాధి రెండు దశలుగా నడుస్తుంది. మొదటి దశలో నొప్పి ఉంటుంది, వంపు మారుతూ ఉంటుంది. ఏడాది, ఏడాదిన్నర గడిచేసరికి చాలామందిలో నొప్పి దానంతటదే తగ్గుతుంది, వంపు ఒకచోట నిలుస్తుంది. నొప్పి పోయినంత సులువుగా వంపు పోదన్నది దాచకూడని మాట. 2006లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశీలనలో, చికిత్స లేకుండా ఉన్నవారిలో నూటికి పన్నెండుమందికి వంపు తగ్గింది, నలభైమందికి అలాగే ఉండిపోయింది, తక్కినవారికి పెరిగింది. అయితే కొద్దిపాటి వంపు దాంపత్యానికి అడ్డు కాదు. అటువంటివారికి ఏ చికిత్సా అవసరం లేకపోవచ్చు.

ఇంతవరకు ఒక కథ. ఆ ఉద్యోగికి మరొక బాధ కూడా మొదలయింది. కుర్చీలో గంటసేపు కూర్చుంటే వృషణాలకు, గుదానికి మధ్యనున్న చోట నొప్పి. అంగం కొనన మంట. మూత్రం మాటిమాటికీ వచ్చినట్లుండి, వెళ్ళితే కొద్దిగానే రావడం. వీర్యస్ఖలనం తరువాత గంటల తరబడి సలుపు. వ్యాధి ముదిరిపోతున్నదని అతడు నిశ్చయించుకున్నాడు. నిజానికి ఈ లక్షణాలు మచ్చవి కావు. కటి ఎముకల అడుగున, ముందునుండి వెనుకకు, జోలె వలె కట్టి ఉన్న కండరాలున్నాయి. వైద్యులు వాటిని పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రాశయాన్ని, పేగును క్రిందినుండి మోసేవి ఇవే. మనిషి భయపడినప్పుడు భుజాలు బిగుసుకుంటాయి, దవడ బిగుసుకుంటుంది. అలాగే ఈ జోలె కూడా బిగుసుకుంటుంది. భుజం బిగువు తెలుస్తుంది, దీని బిగువు తెలియదు. నెలల తరబడి బిగిసిన కండరం నొప్పి పెడుతుంది, ఆ నొప్పి అంగం కొనకు ప్రాకుతుంది, అది మచ్చ వల్లనే అనుకొని మనిషి మరింత బెదరుతాడు, కండరం మరింత బిగుస్తుంది. రోజుకు పదిమార్లు తడిమి, వంచి, లాగి చూసుకోవడంతో భయమూ పెరుగుతుంది, దెబ్బ తగిలే ప్రమాదమూ పెరుగుతుంది.

గట్టిదనం ఏదీ లేకుండా, వంపు లేకుండా, కేవలం ఈ కండరాల నొప్పితోనే పెరోనీ వ్యాధి వచ్చిందని బెంగపడేవారూ ఉన్నారు. రెండింటినీ విడదీయడం వైద్యుని పని. స్తంభన సమయంలో మాత్రమే నొప్పి, చేతికి తగిలే గట్టిదనం, కొత్తగా వచ్చిన వంపు ఉంటే మొదటిదాని వైపు చూడాలి. కూర్చుంటే పెరిగి, పడుకుంటే, వేడినీటి తొట్టెలో కూర్చుంటే తగ్గే నొప్పి రెండవదానిని సూచిస్తుంది. రెండూ ఒకే మనిషిలో ఉండనూవచ్చు.

ఈ కండరాల నొప్పిని ప్రోస్టేటు గ్రంథి వాపు అనుకొని కోర్సు మీద కోర్సుగా యాంటీబయాటిక్స్ వాడించడం సర్వసాధారణం. ప్రోస్టేటు వాపుగా లెక్కకు వచ్చే కేసులలో అత్యధిక భాగానికి బాక్టీరియాతో సంబంధం లేదు. మూత్రపరీక్షలో క్రిములు కనపడకపోతే మరొక కోర్సు మింగే ముందు ఆలోచించడం మంచిది. ఇక గోడల మీద ప్రకటనలు వ్రాయించుకునే గుప్తరోగ నిపుణుల సంగతి. లైంగిక శక్తిని పెంచుతామనే ప్రకటనలను భారతదేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆ తరువాత కూడా గోడలు ఖాళీగా లేవు. వారి లేహ్యాలు మచ్చను కరిగించవు, తైలమర్దనాలు మచ్చకు మరింత దెబ్బ. ఆ మాటకు వస్తే ఒకప్పుడు విరివిగా వ్రాసిన విటమిన్ ఇ మాత్రలు కూడా పనికిరావని అమెరికా మూత్రవ్యాధి వైద్యుల సంఘం 2015 మార్గదర్శకాలలో చెప్పింది.

మరి ఉన్న చికిత్స ఏమిటి? మొదటి దశలో నొప్పికి మామూలు నొప్పి మాత్రలు, అవీ వైద్యుని సలహాతోనే. వైద్యుని పర్యవేక్షణలో వాడే సాగదీత పరికరాలు కొందరికి మేలు చేస్తాయి. మచ్చను కరిగించే కొలాజినేజ్ ఇంజెక్షన్‌కు 2013లో అమెరికాలో అనుమతి లభించింది. శస్త్రచికిత్స మాత్రం వంపు కొన్ని నెలలపాటు మారకుండా నిలిచిన తరువాతనే. మారుతున్న వంపును సరిచేయబోవడం ఆరని గోడకు సున్నం వేయడం వంటిది.

బిగిసిన కండరాలకు కావలసినది బలం కాదు, సడలింపు. కాన్పు తరువాత స్త్రీలకు నేర్పే బిగింపు వ్యాయామాలను ఎవరో చెప్పారని ఇతడు మొదలుపెడితే నొప్పి పెరగవచ్చు. వెల్లకిల పడుకొని, మోకాళ్ళు మడిచి, పొట్ట మీద చేయి ఉంచి, ఊపిరి పీల్చినప్పుడు చేయి పైకి లేచేటట్లు నెమ్మదిగా శ్వాసించాలి. ఆ పీల్పుతోపాటు జోలె కూడా క్రిందికి జారి సడలుతుంది. పూటకు పది నిమిషాలు చాలు. అరగంటకొకసారి కుర్చీ నుండి లేవడం, మలబద్ధకం లేకుండా చూసుకోవడం, మరుగుదొడ్డిలో ముక్కకపోవడం కూడా ఇందులో భాగమే. ఈ కండరాలలో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు దొరికితే ఇంకా మేలు. గుణం కనపడడానికి వారాలు, నెలలు పడుతుంది.

పెరోనీ వ్యాధి ఉన్నవారిలో సుమారు సగంమంది మానసికంగా క్రుంగిపోతారని ఒక పరిశీలన. హాలులోకి మారిన పడక ఆ క్రుంగుబాటుకు ఆరంభం. భార్యకు చెప్పడం వైద్యునికి చెప్పడం కంటె కష్టమనుకుంటారు గాని, ఏడాదిగా కారణం తెలియక తననే నిందించుకుంటున్న ఇల్లాలికి ఆ మాట విన్నప్పుడు కలిగేది ముందు ఊరటే.

మూత్రంలో రక్తం, జ్వరంతో కూడిన నొప్పి, మూత్రం బిగిసిపోవడం ఉంటే ఆలస్యం చేయరాదు. రతి సమయంలో పుటుక్కుమన్న శబ్దంతో స్తంభన పోయి అంగం వాచి నల్లబడితే ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళాలి. తక్కినవారు నింపాదిగా, ముందుగా ఒక చీటీ వ్రాసుకొని వెళ్ళవచ్చు. నొప్పి ఏ నెలలో మొదలయింది, ఎప్పుడు పెరుగుతుంది, వంపు ఎటు, మధుమేహం ఉన్నదా, వాడిన మందులేవి? వంపును ఇంటివద్ద ఫోటో తీసి చూపితే వైద్యునికి కొలత సులువవుతుంది. నోరు పెగలకపోతే ఆ చీటీ చేతికిచ్చినా సరిపోతుంది. ఇక ఓ.పి. కిటికీ వద్ద, వెనుక పదిమంది వరుసలో నిలబడి ఉండగా, ఏమని చెప్పాలన్న సంకోచం అక్కరలేదు. అక్కడ జబ్బు పేరు చెప్పనవసరం లేదు. యూరాలజీ విభాగానికి చీటీ కావాలంటే చాలు.