పెరటితోట: పుట్టింటి పెరడు చేతికి వచ్చిన తొలియేడు



తల్లి కనుమూసిన పిదప ఆమె యిల్లును, ఇంటి వెనుకనున్న పెరడును కుమార్తెకు సంక్రమించుట యిప్పుడు వింత గాదు. హిందూ ఉమ్మడి కుటుంబపు టాస్తిలో ఆంధ్రప్రదేశమున 1986 నాటి చట్టము అప్పటికి పెండ్లి కాని కుమార్తెలకును, 2005 నాటి సవరణము దేశమందలి కుమార్తెలందఱకును కుమారులతో సమానమైన భాగము నిచ్చినవి. కాగితములు మన పేర వ్రాయించుకొనుట యొక పని. ఆ నేల నెఱిగి యేలుకొనుట మఱియొక పని. ఈ నెల రెండవ దానిని గూర్చి ముచ్చటింతము.

ఇల్లు చేతికి రాగానే గోడలకు సున్నము వేయింతుము. అటుపిమ్మట చూపు పెరటిపై పడును. ఎండిన పొదలు, పేరు తెలియని తీగెలు, బీటలు వాఱిన నేల! కూలివానిని పిలిచి అంతయు చదును చేయించి క్రొత్త మొక్కలు నాటింతమని తోచుట సహజము. నా మనవి యొక్కటే: తొలియేడు గునపము దింపకుడు. చూడుడు, అడుగుడు, వ్రాసికొనుడు.

వేసవిలో బోసిగా కనబడు నేల యన్ని తావుల బోసి గాదు. పసుపు మొక్క మాఘమాసము నాటి కెండి రాలిపోవును. త్రవ్వక విడిచిన కొమ్ములు నేలలో నిద్రించి తొలకరికి మొలచును. కంద కాడ శీతకాలమున వాలిపోగా దుంప మాత్రము లోపల మిగిలియుండును. వేసవిలో ఆ తావున రాతిపలకలు పఱపించినచో తల్లి యేండ్లతరబడి కాపాడిన దుంపలు మట్టిగంపలో బయటికి పోవును. అంగడిలో కంద దొరకదా యందురేమో. దొరకును. కొవ్వూరు పరిశోధన స్థానమునుండి వెలువడిన గజేంద్ర రకము నోరు దురద పెట్టనిది, మంచిది. కాని మీ యింటి కంద రుచి మీ నాలుకకే తెలియును. దానిని పేరు పెట్టి యడుగుటకు వీలులేదు.

మామిడి యొకయేడు విరగగాచి మఱుసటియేడు ఊరకుండుట కలదు. కాపు లేని యేట ఇల్లు చేతికి వచ్చినవారు దానిని గొడ్డుచెట్టని కొట్టింతురు. మల్లెపొదకు మార్గశిర పుష్యములలో నీరు తగ్గించి, మూరెడెత్తున కత్తిరించినచో వేసవిలో విరియబూయును. అదే కత్తెర చైత్రమున వేసినచో మొగ్గలన్నియు కొమ్మలతోనే పోవును. నాటు చిక్కుడు పగటిప్రొద్దు తగ్గినగాని పూయదు. భాద్రపదమున ఆకులే గాని కాయలు లేవని తీగె పెఱికినవారికి సంక్రాంతి చిక్కుడు లేదు.

కావున పన్నెండు పుటల పుస్తక మొకటి కుట్టుకొనుడు. నెలకొక పుట. ప్రతి పుటపై ఇంటిని, నూతిని, చెట్లను గీచి, ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము నీడ యెంతవఱకు వచ్చునో గుర్తింపుడు. విజయవాడ వంటి తావున డిసెంబరు కడపట 12 అడుగుల గోడ నీడ నడిమధ్యాహ్నమున ఉత్తరమునకు సుమారు 10 అడుగులు పడును. జూను కడపట సూర్యుడు నడినెత్తి దాటి కొంచెము ఉత్తరమున నుండుటచే ఆ తావే యెండలో వేగును. శీతకాలపు వంగను, టమాటాను అచ్చట నాటి, కాపు లేదని విత్తనమును నిందించి ఫలము లేదు.

వాన కురిసిన మఱునాడు నీరు నిలిచిన చోట పుల్ల పాతుడు. మునగయు బొప్పాయియు నిలువనీటికి ఓర్వవు, చేమ యోర్చును. స్నానపు నీరు ఏ వైపు పాఱునో కూడ వ్రాయుడు. అరటిని ఆ దారిలో నాటుకొనవచ్చును.

పిదప మనుష్యుల నడుగుడు. అమ్మతో పెరటిలో నిలిచి మాటలాడిన పొరుగింటి పెద్దావిడను, పాలు పోసిన యామెను కూర్చుండబెట్టి, “పిన్నిగారూ, ఈ తీగె యెవరిచ్చినదండీ? ఎప్పుడు పూయునండీ?” అని యడుగుడు. వారును పెద్దవారే. ఈ పని వాయిదా వేయదగినది గాదు. ఉట్టిమీది బుఱ్ఱలు, వంటింటి డబ్బాలు వెదకిన విత్తనములు దొరకవచ్చును. పది గింజలను తడిబట్టలో మూటగట్టి వారము చూడుడు. ఆఱేడు మొలచినచో మంచి విత్తనము. రెండే మొలచినను పాఱవేయక ఒత్తుగా చల్లి, ఈ యేటి కాపునుండి క్రొత్త విత్తనము కట్టుకొనుడు.

ఈ నియమమునకు మినహాయింపులు లేకపోలేదు. పసిపిల్లలున్న యింట గన్నేరు, పచ్చగన్నేరు చెట్ల నుంచరాదు, అవి విషము. వయ్యారిభామను పూయక మునుపే, చేతికి గుడ్డ చుట్టుకొని, పెఱికివేయుడు. పాతనూతికి మొదటి వారమే మూత వేయింపుడు. గోడపై వాలిన యెండుకొమ్మను కొట్టింపుడు.

ఏడాది గడచిన పిమ్మట ఆ పన్నెండు పుటలును ముందుంచుకొని కూర్చున్నచో క్రొత్త మొక్కల తావులు వానియంతట అవియే తెలియును. కూలిపోవుటకు సిద్ధముగానున్న పాత మామిడి కాయపై మీకు మమకార మున్నచో టెంకను నమ్మకుడు. టెంకమొక్క తల్లిచెట్టు కాయనే కాయునని చెప్పలేము. వానకాలమున ఆ చెట్టు కొమ్మ తెచ్చి నేర్పరిచేత అంటు కట్టింపుడు.

అక్కచెల్లెండ్రు భాగములు పంచుకొనలేక యిల్లమ్మవలసి వచ్చుటయు కలదు. అప్పుడు క్రయపత్రముపై చేవ్రాలు చేయుటకు మునుపొక వానకాలము గడువడుగుడు. మునగకొమ్మ, గోరింటకొమ్మ, దొండతీగె ముక్క, కరివేప పిలక, కంద దుంప తలకొకటి తీసికొనుడు. నేలను పంచినకొలది ఒక్కొక్కరి వంతు తఱుగును. వీనిని పంచినచో ఎవరి వంతును తఱుగదు.