ఇటుకల కెమెరాలోనికి వెలుగు రానివ్వండి

బొమ్మ ఇటుకలను పేర్చి కెమెరాల నమూనాలు తయారు చేయడం నేడు మన విద్యార్థి మిత్రులలో కొందరికి ప్రియమైన వ్యాపకం. ‘ఇరవై యేళ్ళు వచ్చినా ఇంకా బొమ్మలాటలేనా?’ అని పెద్దలు అంటున్నారు. ఈ వ్యాపకాన్ని మేము సమర్థిస్తున్నాము. అది సాగుతున్న తీరును మాత్రం సమర్థించలేము.

డెన్మార్కు దేశపు లెగో సంస్థ 2024లో ఒక పోలరాయిడ్ కెమెరా నమూనాను 516 ముక్కల పెట్టెగా విడుదల చేసింది. మీట నొక్కితే బొమ్మ ఫోటో బయటికి వస్తుంది, చూడముచ్చటైన వస్తువే. వార్షిక ప్రదర్శనకు అటువంటి పెట్టె నొకదానిని కొనాలన్న మాట కళాశాలలో వినవస్తున్నది. కాని వెంట వచ్చే పుస్తకం చెప్పినట్లు ముక్కలు పేర్చినంత మాత్రాన కెమెరా అర్థమైనదని చెప్పలేము. ధర సంగతి సరేసరి.

ఉప్పల్, నాచారం వాసులమైన మనకు కెమెరా పరాయిది కాదు. విమానం నుండి తీసిన ఛాయాచిత్రాలను కొలిచి పటాలు గీయడం ఎందరో సర్వేయర్లు ఉప్పల్‌లోని సర్వే శిక్షణ సంస్థలో నేర్చుకున్నారు. నందమూరి తారక రామారావు 1976లో రామకృష్ణ స్టూడియో నెలకొల్పినది నాచారంలోనే.

బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఒకప్పుడు మన మధ్యతరగతి ఇళ్ళలో ఉండేది. అటకల మీద వెదికితే ఇప్పటికీ దొరకవచ్చు. దానిని విప్పి, కొలిచి, ఆ కొలతలను ఇటుకలలోనికి మార్చడంలోనే అసలు చదువు ఉన్నది. ఇటుక మీద ఒక బొడిపె నడుమ నుండి పక్క బొడిపె నడుమకు దూరం 8 మిల్లీమీటర్లు. క్లిక్ త్రీ ఫిలిం మీద పడే చదరపు చిత్రపు భుజం సుమారు 56 మిల్లీమీటర్లు, అనగా ఏడు బొడిపెలు. అదే 35 మిల్లీమీటర్ల ఫిలిం కెమెరాలో చిత్రం ఎత్తు 24, వెడల్పు 36. ఎత్తు మూడు బొడిపెలకు చక్కగా సరిపోతుంది. వెడల్పు నాలుగున్నర దగ్గర మొరాయిస్తుంది. నాచారం పారిశ్రామికవాడలో లేతు మీద పనిచేసే మన అన్నలకు ఈ అర బొడిపె చిక్కు చెప్పి చూడండి, వెంటనే గ్రహిస్తారు.

నమూనా అంతటితో ఆగరాదు. కటకం లేకున్నా ఫరవాలేదు. ముందు పలుచని రేకులో సూదిబెజ్జం, వెనుక ట్రేసింగ్ కాగితం ఉంటే ఎదుటి చెట్టు తలక్రిందులుగా కనబడుతుంది. ఇటుకల సందులలోనుండి వెలుగు జొరబడుతుంది గనుక లోపల నల్లకాగితం అతికించక తప్పదు. పదకొండవ శతాబ్దంలో ‘కితాబుల్ మనాజిర్’ వ్రాసిన ఇబ్న్ అల్ హైతం చేసినదీ ఇటువంటి పరీక్షయే. రంధ్రం ఎదుట దీపాలు వరుసగా నిలిపి, ఒక దీపాన్ని కప్పితే చీకటిగదిలో ఏ వెలుగుమచ్చ మాయమగునో చూచాడు. ఉర్దూ విభాగపు మిత్రులు ఆ గ్రంథాన్ని గురించి మన పత్రికలో వ్రాస్తే బాగుండును.

కళాశాల కమిటీవారు ఆ పెట్టె కొనకుండా, అదే సొమ్ముతో విడి ఇటుకలను, పనిచేయని పాత కెమెరాలు రెండింటిని తెప్పించి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక బీరువాలో ఉంచవలెనని మా విన్నపం. వెర్నియర్ కాలిపర్సు ఎలాగూ అక్కడ ఉన్నదే. బీరువా తాళంచెవి మాత్రం విద్యార్థుల చేతికివ్వాలి. ముక్కలు పోతాయేమోనన్న కమిటీవారి భయం న్యాయమైనదే, కొన్ని పోతాయి.