పాడే చెక్క... పలకకూడని పెట్టె!

ఉద్దానంలో పనస చెట్టుకు పండు వల్లే కాదు, చెక్క వల్ల కూడా పేరుంది. కాయ కూరకు, తొనలు పిల్లలకు, పిక్కలు పులుసుకు. చెట్టు ముదిరాక దాని చేవ తలుపులకీ గుమ్మాలకీ. ఆ తోటల ఊళ్లలో ఏ ఇంటి అటక మీదైనా ఒకటో రెండో పనస పలకలు కనిపిస్తే వింతేమీ లేదు. అందుకే ఇంట్లో కుర్రాడు స్పీకర్లకు సొంతంగా పెట్టెలు చేసుకుంటానని బయల్దేరగానే తాతగారు అనే మాట ఒకటే... ‘పనస చెక్క ఉండగా ప్లైవుడ్డెందుకురా? వీణలే దాంతో చేస్తారు కదా!’

మాట నిజమే. పక్కనున్న విజయనగరం జిల్లాలో, భౌగోళిక గుర్తింపు పొందిన బొబ్బిలి వీణ పనస దుంగలోంచే పుడుతుంది. ఒకే దుంగను తొలిచి మలిచే ఏకాండి వీణ అక్కడి కళాకారుల ప్రత్యేకత. కానీ చిక్కంతా ఆ పోలికలోనే ఉంది. వీణకు ఏ గుణం వల్ల పనస కావాలో, స్పీకరు పెట్టెకు సరిగ్గా ఆ గుణమే పనికిరాదు!

పెట్టె ఎందుకంటే...

తీగను మీటితే వచ్చే శబ్దం చాలా చిన్నది. ఆ కదలికను అందుకుని వీణ కుండ, దాని మీది పలక కంపిస్తేనే గది నిండా వినిపిస్తుంది. అంటే అక్కడ చెక్క కూడా పాడుతుందన్నమాట. స్పీకరు సంగతి వేరు. గొంతు, వీణ, తబలా అన్నీ రికార్డింగులోనే ఉన్నాయి. వాటికి పెట్టె తన గొంతు కూడా కలిపిందనుకోండి... సుశీల పాడినా, బాలు పాడినా వెనకాల అదే చెక్క మోత!

మరి పెట్టె లేకుండా స్పీకరును ఊరికే బల్ల మీద పెట్టి పాట వేస్తే? పీలగా వినిపిస్తుంది. తీగచుట్ట కదలికతో పనిచేసే నేటి స్పీకరుకు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు రైస్, కెల్లాగ్ 1925లో రూపమిచ్చారు. అందులో కాగితపు కోను ముందుకు వచ్చినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది, వెనకున్న గాలి పలచబడుతుంది. ఈ రెండూ అంచు చుట్టూ తిరిగి కలిస్తే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. బరువైన శబ్దాలు ముందు మాయమవుతాయి. ముందు గాలినీ వెనక గాలినీ కలవకుండా ఆపడమే పెట్టె మొదటి పని. ఆపి, తాను నోరు మూసుకుని కూర్చోవడం రెండో పని!

మూయాలా? గొట్టం పెట్టాలా?

పెట్టెల్లో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి అన్ని వైపులా మూసేసింది. లోపలి గాలే స్ప్రింగులా కోనును వెనక్కి తెస్తుంది. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ ఈ పద్ధతితోనే చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ రప్పించారు. రెండోది గొట్టం ఉన్నది. బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఆల్బర్ట్ థురాస్ దీనికి 1932లో పేటెంటు పొందారు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే బూమ్మని మోగుతుంది కదా, అదే సూత్రం.

ఏ స్పీకరుకు ఏ పెట్టె అన్నది ఒకప్పుడు అనుభవం మీదే సాగేది. ఆస్ట్రేలియాలో 1961లో నెవిల్ థీల్, 1970ల్లో రిచర్డ్ స్మాల్ దాన్ని లెక్కల్లోకి తెచ్చారు. మంచి కంపెనీలు స్పీకరుతో పాటు ఆ అంకెలూ ఇస్తాయి. వాటిలో ‘క్యూటీఎస్’ అన్నది సుమారు 0.4 లోపుంటే గొట్టం పెట్టె, 0.5 దాటితే మూసిన పెట్టె నప్పుతుందని ఓ మోటు లెక్క. కాబట్టి ముందు పెట్టె చేసి తర్వాత స్పీకరు వెతకడం తప్పు. చెప్పు కుట్టాక కాలు కొలిచినట్టే!

ఉదాహరణకు లోపలి కొలతలు 25, 30, 40 సెంటీమీటర్లయితే పెట్టెలో 30 లీటర్ల గాలి పడుతుంది. దానికి లోపలి వెడల్పు 7.5 సెంటీమీటర్లు, పొడవు 12 సెంటీమీటర్లు ఉన్న పీవీసీ గొట్టం బిగిస్తే ఆ గాలి సుమారు 50 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మూడు కొలతలూ వేర్వేరుగా ఉండటం మంచిది. సమఘనంగా చేస్తే మూడు దిక్కులా ఒకే స్వరం ప్రతిధ్వనించి, అదొక్కటే చెవిలో గుయ్యిమంటుంది.

చెక్క మాట

ఇక పలక విషయం. పనస చెక్క నార పొడవునా దాదాపు కదలదు. అడ్డంగా మాత్రం వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ ఆట మరీ ఎక్కువ. వెడల్పాటి పలకలను నాలుగు వైపులా జిగురుతో బిగించేస్తే ఏదో ఒక రోజు టప్పున బీట వేస్తుంది. ఆ సందులోంచి గాలి తుస్సుమంటే బేస్ కూడా దాంతోనే పోతుంది. ఎండీఎఫ్ చౌకే, మోగదు కూడా. కానీ చెమ్మ తగిలితే అంచులు పొంగుతాయి. ప్లైవుడ్‌లో ఒక పొర నార నిలువుగా, ఇంకో పొర నార అడ్డంగా ఉంటుంది కాబట్టి ఎటూ కదలదు. తేమకు తట్టుకునే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 8x4 అడుగుల షీటు ఒక్కటి తెస్తే పైన చెప్పిన కొలతలకు జత పెట్టెలు వచ్చి ఇంకా మిగులుతుంది. మిగిలిన ముక్కలను లోపల ఎదురెదురు గోడల మధ్య అడ్డంగా బిగిస్తే గోడలు వణకవు. మూలలన్నీ జిగురుతో, స్క్రూలతో గట్టిగా పట్టించాలి. కోసేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి.

మిగతా సరంజామా ఆ చుట్టుపక్కలే దొరుకుతుంది. ఉద్దానం కొబ్బరి పీచును దుమ్ము దులిపి, బాగా ఎండబెట్టి, పలచటి బట్టలో కుట్టి లోపలి గోడలకు పరిస్తే వెనక శబ్దాన్ని కొంత పీల్చుకుంటుంది. గొట్టం నోటికి మాత్రం అడ్డం రాకూడదు. టెక్కలి గ్రానైటుకు పేరున్న ఊరు. అక్కడ కోతలో మిగిలిన 30 సెంటీమీటర్ల చదరపు ముక్క, 2 సెంటీమీటర్ల మందంలో, దాదాపు 5 కిలోలు తూగుతుంది. పెట్టె కింద అంతకన్నా నిబ్బరమైన పీట ఏముంటుంది? పలాస జీడిపిక్కల తొక్కలోంచి తీసే నూనె వార్నిషుల తయారీకి వెళ్తుంది. అలాగని పచ్చి నూనెను నేరుగా పూయబోతే చేతులు పొక్కుతాయి. దుకాణంలో దొరికే వార్నిషే మేలు.

అంతా అయ్యాక పరీక్ష తేలికే. పనసపండు ముగ్గిందో లేదో వేలితో తట్టి చూసినట్టే పెట్టె పక్కగోడను తట్టాలి. ‘ఠంగ్’మంటే ఇంకో అడ్డచెక్క కావాలి. ‘డబ్’మని ఆగిపోతే పెట్టె కుదిరినట్టే. మూసిన పెట్టె అయితే కోనును వేళ్లతో మెల్లగా నొక్కి వదలాలి. నింపాదిగా వెనక్కి వస్తే ఎక్కడా సందు లేనట్టు.

తాతగారి పలక మాటేమిటి మరి? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140-150 కిలోమీటర్ల గాలి. కొబ్బరి, జీడి తోటలతో పాటు పెద్ద పెద్ద పనస చెట్లూ వేళ్లతో సహా ఒరిగిపోయాయి. ఆ తర్వాత నాటిన మొక్క అంతటి పలక ఇవ్వాలంటే దశాబ్దాలు పడుతుంది. అలాంటి చెక్కను పెట్టె గోడలకు కోసి, అది బీటలు వేశాక పొయ్యిలో పెట్టడం కన్నా... సన్నటి పట్టీలుగా చీల్చి ముందు భాగానికి చట్రంగా బిగిస్తే చాలు. కాలం గడిచేకొద్దీ ఆ పసుపు రంగు ముదిరి ఇంకా అందంగా మారుతుంది. మిగిలిన పలకను మళ్లీ అటక మీదే దాచుకోవచ్చు. గుమ్మానికో, ఊయలకో, ఎవరికి తెలుసు... ఓ వీణకో!