తింటుంటే తుమ్మెందుకు?

పిల్లలూ! అలిపిరిలో కొండెక్కబోయే ముందు మూట విప్పి పులిహోర తింటున్నారనుకోండి. ఎండుమిరపకాయ పంటికింద పడింది. నాలుక చుర్రుమంది, ముక్కు కారింది, ఆపైన "హాచ్!" జలుబేమీ లేదు గదా, మరి ఎందుకిలా?

మిరపకాయలో కాప్సైసిన్ అనే పదార్థం ఉంది. నోటి మంటనూ, ముక్కు దురదనూ మెదడుకు చేరవేసేది ఒకే నాడి తాలూకు కొమ్మలు. అందుకే నోరు మండితే ముక్కులో కూడా నీరూరుతుంది, తుమ్ము వస్తుంది. పొంగలిలో మిరియం కొరికినా ఇదే తంతు. అందులో ఘాటు పైపెరీన్‌ది.

కొందరికి కారమే అక్కరలేదు. కడుపు నిండితే చాలు, వరసగా మూడు నాలుగు తుమ్ములు! ఇది వంశంలో రావడం కద్దు. ఇలాంటి ఒక కుటుంబాన్ని గురించి 1989లో వైద్యపత్రికలో రాశారు కూడా.

తుమ్మితే కాసేపు కూర్చుని బయలుదేరమంటారు పెద్దలు. ముందు 3,550 మెట్లున్నాయి, తిన్నవాడికి ఆ విశ్రాంతి మంచిదే! కాని అపశకునమని తమ్ముణ్ణి కసురుకోకండి, పాపం, వాడేం చేస్తాడు?

ముక్కూ నోరూ మూసి తుమ్మును ఆపకండి, చెవులకు హాని. విస్తరికి పక్కగా తిరిగి, మోచేతి మడతలో తుమ్మండి. అయితే ఏదైనా తిన్నప్పుడు తుమ్ములతోబాటు దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే అది కారం పని కాదు. వెంటనే అమ్మానాన్నలకు చెప్పండి. ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.